ముందుగదిలో గంటా యాభై నిమిషాలు

బస్సు కండక్టరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. దూరం అంటే నా దృష్టిలో స్టేజీలు. ఒక స్టేజీలో ముగ్గురు ఎక్కుతారు, ఇద్దరు దిగుతారు, ఒకడు కిటికీ పక్క సీటు కోసం తగువు పెట్టుకుంటాడు, వంతెన దాటాక డ్రైవరు టీకి ఆపుతాడు. ఇవన్నీ పోగైతేనే ఒక ఊరు ఇంకో ఊరికి చేరుతుంది. అందుకని మా ఆవిడ అక్కగారి ఊరు ఆకాశమార్గాన పదకొండు వందల నలభై కిలోమీటర్లనీ, విమానం గంటా యాభై నిమిషాల్లో దింపేస్తుందనీ, మధ్యలో ఒక్క స్టేజీ కూడా ఉండదనీ విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. అంత దూరం ఎవరూ ఎక్కకుండా, ఎవరూ దిగకుండా పోతే దాన్ని ప్రయాణం అని ఎలా అంటారు?

అదే ఊరికి రోడ్డు మీద పదహారు వందల తొంభై. మధ్యలో సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చింది. దాని ఒడ్డంతా చుట్టి రావాలి, ఆపైన కొండలెక్కి దిగాలి. రెండు బస్సులు మారి ముప్పై నాలుగు గంటలు. నాలుగేళ్ల కిందట, మా వదినగారి భర్త ఉన్నట్టుండి పోయాడని కబురొచ్చినప్పుడు, మేమిద్దరం అలాగే బస్సులో వెళ్లాం. వెళ్లేసరికి అంతా అయిపోయింది. అద్దెకు తెచ్చిన కుర్చీలు మడిచి గోడకు ఆనించి ఉన్నాయి. వదిన ఒక్కతే గుమ్మం ముందు ఊడుస్తోంది.

"విమానంలో గంటా యాభై నిమిషాలు కదే బుల్లీ," అంది మా ఆవిడతో, చీపురు ఆపకుండా.

"నాకు విమానమంటే భయమక్కా," అంది మా ఆవిడ తల వంచుకుని.

"మీ బావని ఆఖరిసారి చూడ్డం కన్నా ఆ భయమే ఎక్కువైందన్నమాట." వదిన చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు పొడిపొడిగా నడిచాయి. పుట్టినరోజుకి ఒక ఫోను, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఒక ఫోను. "ఆ పిరికిదాన్ని అడిగానని చెప్పండి మరిదిగారూ," అని వదిన నాతో అనేది. నేను మాత్రం ఊరుకున్నానా? మా ఆవిడకు విమానమంటే ఎంత భయమో వీధిలో నలుగురికీ చెప్పి నవ్వించేవాణ్ణి. ఆకాశంలో విమానం పోతే చాలు ఆవిడ కుట్టుమిషన్ చక్రం ఆపేస్తుందని కూడా కల్పించాను. మా ఆవిడ బొత్తాలు కుట్టుకుంటూ వినేది, ఒక్కసారి కూడా కాదనలేదు.

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున వదిన తనంతట తానే ఫోన్ చేసింది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. గుండె తెరిచి కొత్తది అమర్చాలట. పై వారం శుక్రవారం ఆపరేషన్. "లేస్తానో లేదో తెలీదు. ఈసారైనా వేళకి వస్తావా?" అంది.

"గురువారానికల్లా నీ దగ్గరుంటానక్కా. విమానంలోనే వస్తాం," అంది మా ఆవిడ. ఆ మాట అంటున్నంతసేపూ నా వైపే చూసింది. ఫోను పెట్టేశాక కూడా చూసింది.

"నువ్వా, విమానంలోనా!" అన్నాను నవ్వుతూ. నా నవ్వు నాకే కొంచెం గట్టిగా వినబడింది.

"అవును, భయమే మరి. ఏం చేద్దామంటారు?"

అప్పుడు నాకో ఆలోచన తట్టింది. అభ్యాసం కూసువిద్య అన్నారు. కొత్త రూటు వేసినప్పుడు జనాన్ని ఎక్కించుకోకుండా ఖాళీ బస్సు ఒకటి రెండుసార్లు తిప్పేవాళ్లం. విమానానికీ అలాగే చేస్తే సరి. ముందుగదిలో కుర్చీలు వేసుకుని, ఆ గంటా యాభై నిమిషాలూ కదలకుండా కూర్చుంటే, అసలు రోజుకి ఒళ్లు అలవాటు పడుతుంది. "నీ కోసమే," అని కూడా అన్నాను. మా ఆవిడ కాసేపు నన్ను చూసి, "మంచిదే. నా కోసం చెయ్యండి," అంది.

మా ముందుగది పెద్దదేం కాదు. ఒక వైపు ఆవిడ కుట్టుమిషన్, దాని పక్కన కోట్ల దుకాణం వాళ్లు కాజాలకీ బొత్తాలకీ పంపే కోట్ల గుట్ట, రెండో వైపు వీధి మీదికి కిటికీ. నేను భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు నాలుగూ తెచ్చి రెండు వరసలు వేశాను. కిటికీ సీటు ఆవిడది. బెల్టులు కావాలి కదా అంటే ఒక్క మధ్యాహ్నంలో కుట్టేసింది, మందపాటి నాడాకి కోటు బకిళ్లు తగిలించి. అవి ఎంత గట్టిగా ఉన్నాయంటే కుర్చీతో సహా మనిషిని ఎత్తుకుపోవచ్చు.

ఇక వివరాలు చెప్పడానికి పైమేడలో అద్దెకుండే అమ్మాయి ఉండనే ఉంది. ఆ పిల్ల ఉద్యోగం విమానాశ్రయంలోనే. ప్రయాణికుల సంచులు పెట్టెలోంచి పోతుంటే లోపల ఏమున్నాయో తెర మీద చూస్తుంది. ఒకరోజు సాయంత్రం మెట్లెక్కుతూ మా కుర్చీల వరసలు చూసి ఆగిపోయింది.

"గంటా యాభై అని రాస్తారు గానీ బాబాయ్‌గారూ, గాల్లో ఉండేది గంటా పాతికే. మిగతాదంతా నేల మీద పాకడమే," అంది.

"మరి వచ్చేటప్పుడు?"

"రెండు గంటల పది నిమిషాలు."

"అదే దూరం, అదే విమానం. పోయేటప్పుడు ఒకటీ, వచ్చేటప్పుడు ఒకటీ ఏంటమ్మా? మా డిపోలో అలా రాస్తే తాట తీసేవాళ్లు."

"పైన ఎప్పుడూ ఒకేవైపు గాలి వీస్తుంది. పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. వచ్చేటప్పుడు ఎదురొస్తుంది."

"అంటే అక్క దగ్గరికి పోయేవాళ్లని గాలే తోస్తుందన్నమాట," అంది మా ఆవిడ. ఆ మాట ఆవిడకు బాగా నచ్చింది. రాత్రి భోంచేస్తూ మళ్లీ ఒకసారి అంది.

మొదటి రోజు మధ్యాహ్నం బయల్దేరాం. తలుపులు మూశాను. నేను సిబ్బందిని కాబట్టి ముందు నిలబడి బెల్టులు పెట్టుకోమని ప్రకటించాను. ఆ తర్వాత ఏమనాలో తోచక అలవాటుగా "రైట్ రైట్!" అన్నాను.

"విమానంలో రైట్ రైట్ అనరండీ," అంది ప్రయాణికురాలు.

"నా విమానంలో అంటారు."

కూర్చున్నాను. బెల్టు బిగించాను. ఎదురుగా గడియారం. విమానం నేల వదిలే నిమిషం ఎలా ఉంటుందో పైమేడ అమ్మాయి చెప్పింది: వీపు వెనక్కి అంటుకుంటుందట, కడుపులో ఏదో జారినట్టుంటుందట. ఆ నిమిషం వచ్చేసరికి నాకు పొయ్యి మీద ఏదో పెట్టినట్టు అనుమానమొచ్చింది. లేచి వెళ్లి చూశాను. ఏమీ లేదు. తిరిగొచ్చి కూర్చుంటే వంటింటి కొళాయి కారుతున్నట్టు వినిపించింది. మళ్లీ లేచాను. సిబ్బంది లేవొచ్చు కదా. అలా ఇరవై మూడు నిమిషాల్లో ఆరుసార్లు లేచాక "నువ్వు ఇబ్బంది పడుతున్నట్టున్నావు, ఇవాళ్టికి దిగిపోదాం," అన్నాను. ఆవిడ బెల్టు విప్పింది.

రెండోసారి బాగా కుదిరింది. అది ఎండ పల్చబడే వేళ. వీధికి అవతల మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. గాలికి అవి పొంగి, కిటికీ నిండా తెల్లగా నిండి, మళ్లీ కిందికి జారేవి. వాటి వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. మా ఆవిడ కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తూ కూర్చుంది.

"చిన్నప్పుడు అక్కా నేనూ అట్లాసు పరుచుకుని ఊళ్ల మధ్య దూరం దారంతో కొలిచేవాళ్లం," అంది. "అమ్మ దారపు ఉండ దొంగిలించి. అక్క ఆ కొస పట్టుకునేది, నేను ఈ కొస. గట్టిగా లాగితే పక్షి పోయే దూరం. వదులుగా రోడ్డు గీత మీద పరిస్తే మనుషులు పోయే దూరం. రెంటికీ ఎంత తేడా వస్తే అక్కకి అంత నవ్వు. మనుషులు ఇంత చుట్టు తిరుగుతారేంటే బుల్లీ అనేది."

"తర్వాత ఆవిడ భూగోళం టీచరయింది."

"నేను దారం దగ్గరే ఉండిపోయా."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. గదిలో వెలుతురు తేనె రంగుకి తిరిగింది. కోట్ల గుట్ట నీడ గోడ మీద కొండలా పాకింది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఏ క్షణాన పట్టిందో తెలీదు, ఒక కునుకు. ఆ కునుకులో మా ముందుగది మిగతా ఇంటినుంచి విడిపోయి మెల్లగా లేచింది. వంటిల్లు కిందే ఉంది, మెట్లు కిందే ఉన్నాయి. వీధి దీపాల తలలు కిటికీ కిందికి వెళ్లిపోయాయి. నేను పనిచేసిన రూట్లన్నీ అడుగున సన్నగా, మెలికలు తిరిగి కనిపించాయి. ఒక్కో స్టేజీలోనూ నాకు తెలిసిన మొహాలు నిలబడి తల పైకెత్తి చూస్తున్నాయి. ఆపండి, ఆపండి అని చేతులూపుతున్నాయి. గంట తాడు కోసం వెతికాను. పైన తాడు లేదు. ఆపడానికి ఏమీ లేదు. కెవ్వుమని లేచాను.

"చేరామా?" అన్నాను.

"ఇంకా నలభై నిమిషాలుంది," అంది మా ఆవిడ. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలీదు.

మూడోది మంగళవారం పొద్దున పది గంటలకి. టికెట్లు గురువారానికి తీసుకున్నాం. ఇదే ఆఖరి అభ్యాసం. ఈసారి ఆవిడ షరతులు పెట్టింది. "మీరు సిబ్బంది కారు. పక్కన కూర్చోండి. మధ్యలో లేవడాల్లేవు. ఫోన్లు కూడా నిజంగా చేసినట్టే చేద్దాం." రెండు ఫోన్లూ తీసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బల్ల మీద బోర్లించింది. నేనే ముందు మెచ్చుకున్నాను. చేస్తే ఇలా చెయ్యాలి అన్నాను కూడా.

ఆ గంటా యాభై నిమిషాలూ కూర్చున్నాను. పొయ్యి గుర్తొచ్చింది, లేవలేదు. అరచేతులు తడిసి బకిలు జారింది, లేవలేదు. ఆవిడ కిటికీలోంచి కనిపించేవన్నీ మెల్లగా చెబుతూ పోయింది: ఇదుగో పొలాలు, ఇదుగో నది, ఇప్పుడు మబ్బులోకి వెళ్తున్నాం, కాసేపు ఏమీ కనబడదు, ఫరవాలేదు. వీధిలో కూరగాయల బండి పోతోంటే నిజంగానే అది ఏదో దూరపు ఊరి చప్పుడులా వినిపించింది. పదకొండు యాభైకి దిగాం. నాకు చెప్పలేనంత గర్వం కలిగింది. "చూశావా, ఇంతే! దీనికా నువ్వు ఇంతకాలం భయపడ్డావు!" అని ఆవిడ భుజం తట్టి, తన ఫోను తీసి ఫ్లైట్ మోడ్ ఆపాను.

ఏడు మిస్డ్ కాల్స్ వచ్చినట్టు మెసేజ్‌లు. ఏడూ వదినవే. పది ఇరవైకి మొదటిది. ఆఖర్న ఒక వాయిస్ మెసేజ్.

"బుల్లీ, శుక్రవారం ఆ పెద్ద డాక్టరు ఉండడట. ఇవాళే చేస్తారట, సాయంత్రం ఐదింటికి. ఒక్కసారి నీ గొంతు వినాలనిపించి చేశా. ఎత్తట్లేదు. పనిలో ఉన్నట్టున్నావు. సరేలే."

ఆ "సరేలే" వినగానే మా ఆవిడ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. తిరిగి ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది. పరీక్షలకు తీసుకెళ్లారు, ఫోను గదిలో ఉండిపోయింది అని చెప్పింది. అక్క గొంతు వినాల్సిన గంటా యాభై నిమిషాలు మేము ముందుగదిలో కుర్చీలకు బెల్టులు కట్టుకుని కూర్చున్నాం. ఇలాంటి పని ప్రపంచంలో ఇంకెవరైనా చేసి ఉంటారా?

నేను కుర్చీలు తీసి బల్ల దగ్గర సర్దడం మొదలుపెట్టాను. మా ఆవిడ మాత్రం అప్పటికే పైమేడ అమ్మాయికి ఫోన్ చేసేసింది. ఆ పిల్ల డ్యూటీలోనే ఉంది. "ఒకటీ నలభైకి ఒకటుంది పిన్నిగారూ. సీట్లున్నాయి. నేను కౌంటర్లో చెప్పి పట్టి ఉంచుతా, మీరు ఉన్నపళంగా రండి," అంది. ఒకటీ నలభైకి ఎక్కితే మూడున్నర. అక్కణ్ణుంచి ఆసుపత్రి ముప్పావు గంట. నాలుగుంబావు. ఐదింటి లోపల చేరతాం. బస్సయితే రేపు రాత్రి దాకా చేరం.

సంచిలో రెండు జతల బట్టలు కుక్కి బయటపడ్డాం. టాక్సీ ఎక్కాం. విమానాశ్రయం ముందు దిగాం. గాజు తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. లోపల పొడవాటి మెరిసే నేల, ఎక్కడో ఊరి పేరు పిలుస్తున్న మెత్తని గొంతు. ఒక విమానం మా తలల మీదుగా లేచింది. ఆ చప్పుడు నా పళ్లలోకి దిగింది. అక్కడే నా కాళ్లు ఆగిపోయాయి. నిజంగా ఆగిపోయాయి, నావి కానట్టు.

"నువ్వు వెళ్లు," అన్నాను. "నీకు అలవాటైంది కదా. నేను... నేను బస్సులో వస్తా. ఇంటికి తాళం కూడా సరిగ్గా వేశామో లేదో."

మా ఆవిడ సంచి కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. చాలా మామూలుగా అడిగింది. "నాకు విమానమంటే భయమని మీకెవరు చెప్పారు?"

"నువ్వే కదా. మీ బావ పోయిన రోజు, విమానం టికెట్ల ఆఫీసులో."

"ఆ రోజు మీ చేతిలో కాగితం ఎలా వణికిందో నేను చూశా. ఆ గుమస్తా కూడా చూశాడు. ఇంకో నిమిషం ఆగితే మీరు అక్కడే కూలబడేవారు. పది మంది ముందు మీరు చిన్నబోవడం చూడలేక నాకు భయమని అన్నా. అదొక్కటే నేను చేసింది. తర్వాత దాన్ని ఊరంతా తిప్పింది మీరు."

నాకు తెలుసా, తెలీదా? తెలీదని అంటే అబద్ధం. ఆ రోజు ఆవిడ "భయమండీ, బస్సులో వెళ్దాం" అనగానే నా ఛాతీలోంచి ఎంత పెద్ద ఊపిరి బయటికొచ్చిందో నాకు గుర్తుంది. ఆ ఊపిరి తర్వాత నేనింకేమీ ఆలోచించలేదు. నా మేకపోతు గాంభీర్యం నిలబెట్టడానికి ఆవిడ ఒక్క మాట ఇస్తే, నేను దాన్ని పట్టుకుని నాలుగేళ్లు వీధిలో నవ్వులు పంచాను. బావ ముఖం ఆఖరిసారి చూడలేకపోయింది ఆవిడ. అక్క చేత పిరికిదానా అనిపించుకుంది ఆవిడ.

"మరి నువ్వొక్కదానివే ఎందుకు వెళ్లలేదు?" అన్నాను.

"మీ ఆయన ఏడీ అని వాళ్లంతా అడిగితే ఏం చెప్పను? అప్పుడు అదే పెద్ద విషయం అనిపించింది. బుద్ధి లేక." ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "మీ భయాన్ని నాలుగేళ్లు మోశా. ఇవాళ మీరే మోసుకోండి. నాకు చేతులు ఖాళీ లేవు."

గాజు తలుపులు తెరుచుకున్నాయి. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఫుట్‌బోర్డు మీద నిలబడి, పరిగెత్తుకొచ్చి అందుకోలేకపోయిన వాళ్లని ఎంతోమందిని చూశాను. బస్సు మలుపు తిరిగేదాకా వాళ్ల మొహాలు కనిపిస్తూనే ఉండేవి. ఆ మొహం ఇప్పుడు నాది. దాన్ని ఎవరూ చూడకపోయినా నాకు కనిపించింది. ధైర్యం వచ్చిందని చెప్పను. రాలేదు. సిగ్గు వచ్చింది. ఆ సిగ్గుతోనే కాళ్లు కదిలాయి.

కౌంటర్లో నా పేరు మీద పట్టి ఉంచిన టికెట్టు తీసుకున్నాను. లోపల పైమేడ అమ్మాయి తెర ముందు కూర్చుని ఉంది. నా జేబులోని తాళంచెవులూ కళ్లజోడూ ఆ పెట్టెలోంచి పోతుంటే తెర చూసి, నన్ను చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి బాబాయ్‌గారూ, వెళ్లండి," అంది. మా ఆవిడ వరసలో ముందు నిలబడి ఉంది. నేను పక్కకి చేరితే కొంచెం జరిగి చోటిచ్చింది. అంతే.

నేల వదిలిన నిమిషం గురించి ఏమీ చెప్పలేను. కళ్లు మూసుకుని ఉన్నాను. వీపు వెనక్కి అంటుకుంది, కడుపులో ఏదో జారింది, ఆ పిల్ల చెప్పినట్టే. ఆ తర్వాత అంతా ఒకటే హోరు. ఆ హోరులోనే నిద్రా మెలకువా కాని ఒక మెత్తదనం. కాలం ఎటు పోతోందో తెలియలేదు. చాలాసేపటికి "కళ్లు తెరవండి, ఇది మీరు చూడాలి," అంది మా ఆవిడ.

తెరిచాను. కింద సముద్రం. నేల లోపలికి చొచ్చుకొచ్చిన ఆ నీరే. ఎండలో పళ్లెంలా మెరుస్తోంది. దాని అంచు వెంట తెల్లగా, సన్నగా, మెలికలు మెలికలుగా ఒక గీత.

"అది మన బస్సు దారి," అంది ఆవిడ.

ఆ గీత మీద నాలుగేళ్ల కిందట మేము ఒక రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా కుదుపులు తిన్నాం. ఆ రాత్రి ఆవిడ ఒక్క క్షణం నిద్రపోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, ఇప్పుడు ఏ ఊరు, ఇప్పుడు ఏ ఊరు అని నన్ను అడుగుతూనే ఉంది. నేను నా స్టేజీలన్నీ హుషారుగా చెప్పుకుంటూ పోయాను. అక్కడ వాళ్లు ఆవిడ కోసం చూసి చూసి, ఇక ఆగలేక బావని తీసుకెళ్లిపోయిన గంట కూడా అందులోనే ఎక్కడో ఉంది.

గడియారం చూశాను. నీటి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పదకొండు నిమిషాలు పట్టింది. రెక్క కింద మా నీడ చిన్నగా అలల మీద జారుతూ వచ్చి మళ్లీ నేల మీదికెక్కింది. నేను ఏడ్చాను. పక్క సీటాయన పత్రిక అడ్డం పెట్టుకున్నాడు, పాపం. మా ఆవిడ కిందికే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రికి చేరేసరికి నాలుగూ ఇరవై. మూడో అంతస్తులో పొడవాటి వరండా, గోడలకి లేత ఆకుపచ్చ రంగు. దూరాన చక్రాల మంచం మీద వదినని తీసుకొస్తున్నారు. జుట్టంతా టోపీలోకి దోపి ఉంది. చిన్నపిల్లలా కనిపించింది. మా ఆవిడ పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం చూసి ఎన్నేళ్లయిందో.

"వచ్చావా," అంది వదిన. ఆవిడ గొంతు మందులకి కొంచెం ముద్దగా ఉంది. "ఎలా వచ్చావే? భయం పోయిందా?"

మా ఆవిడ నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు తెలుసు. పోయిందక్కా అనే చెప్పేది. ఎప్పటిలాగే.

"భయం దానిది కాదు వదినా," అన్నాను. "నాది. అప్పుడూ నాదే. నేను ఎక్కలేకపోయాను. నా పరువు కోసం అది తన మీద వేసుకుంది."

చక్రాలు ఆగాయి. నర్సు కూడా ఆగింది. వదిన నన్ను చూసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"నాలుగేళ్లు నిన్ను పిరికిదానా అన్నానే. ఒక్కసారైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఈయన్ని అనేదానివి."

"అనేదాన్నే! ఇద్దర్నీ అంటాను. ఉండండి, లేచాక మీ ఇద్దరి సంగతీ చెప్తా," అంది వదిన. అంటూనే చెయ్యి చాచి చెల్లెలి చెంప మీద పెట్టింది. తీయలేదు. మంచం కదిలినా తీయలేదు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది, తలుపుల దాకా. అక్కడ నర్సే మెల్లగా విడదీసింది.

తలుపులు మూసుకున్నాయి. నాలుగు గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, ఖచ్చితంగా చెప్పలేం అంది నర్సు. గోడ వారన బెంచీ మీద కూర్చున్నాం. మాకు ముందు ఎవరో తాగి పెట్టిన నీళ్ల గ్లాసు ఒకటి అక్కడే ఉంది.

"నాకు భయంగా ఉంది," అన్నాను. అరవై మూడేళ్ల జీవితంలో ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

మా ఆవిడ తలుపుల వైపే చూస్తోంది.

"నాకూ," అంది.

ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. పట్టుకున్నాను.